ఆర్పానెట్ స్తంభించిన దినము

ఒక గడియారము ఆగినచో ఊరిలోని గడియారములన్నియు ఆగవు. వరదకు ఒక వంతెన కూలినచో ఉత్తరములు వేరొక దారిని చేరును. కంప్యూటర్లను కలిపి వలగా అల్లినవారి ఆశయము కూడ ఇదియే. ఒక యంత్రము చెడినను, ఒక తీగ తెగినను, తక్కిన వల పనిచేయుచునే యుండవలెను. కాని 1980 అక్టోబరు 27న అమెరికాలోని ఆర్పానెట్ అను వల అంతయు కొన్ని గంటలపాటు పనికిరాకుండ పోయెను. అందలి యంత్రములు దాదాపు అన్నియు చక్కగానే యున్నవి. ఎవరును దానికి కీడు తలపెట్టలేదు. మరి ఏమి జరిగినది?

నేటి ఇంటర్నెట్టునకు పూర్వరూపము ఆర్పానెట్. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము నుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థకు దీనిపై మొదటి సందేశము పోయెను. ప్రతి కేంద్రములోను పెద్ద కంప్యూటరునకు తోడుగా ‘ఇంప్’ అను చిన్న కంప్యూటరు ఉండెడిది. బోల్ట్, బెరానెక్ అండ్ న్యూమన్ సంస్థవారు నిర్మించిన ఈ ఇంప్‌లు తపాలా గుమస్తాల వంటివి. వచ్చిన సందేశపు ముక్కను ఏ దారిని పంపవలెనో నిర్ణయించి ముందుకు పంపుటయే వాటి పని.

దారి నిర్ణయించుటకు వల యొక్క స్థితి తెలియవలెను గదా! 1979లో ప్రవేశపెట్టిన పద్ధతి ప్రకారము ప్రతి ఇంప్ తనకు చేరిన తీగల పరిస్థితిని తెలుపు చిన్న నివేదికను అప్పుడప్పుడు వెలువరించును. పొరుగు ఇంప్‌లు దానిని అందుకొని తమ పొరుగువారికి అందించును. ఇట్లు అది దండోరావలె నలుదెసల వ్యాపించును. అయితే పలుదారులలో పోవుటచే పాత నివేదిక కొత్తదాని వెనుక వచ్చి చేరవచ్చును. అందుచే ప్రతి నివేదికకును ఒక క్రమసంఖ్య నిచ్చిరి. తనయొద్ద నున్నదానికంటె కొత్త సంఖ్య వచ్చినచో ఇంప్ దానిని స్వీకరించి ముందుకు పంపును. పాతది వచ్చినచో పారవేయును.

ఈ క్రమసంఖ్యకు ఆరు బిట్ల చోటు మాత్రమే కేటాయించిరి. ఆరు బిట్లతో 0 నుండి 63 వరకు గల 64 సంఖ్యలను వ్రాయవచ్చును. 63 తరువాత మరల 0 వచ్చును. ఇట్టి చక్రము మనకు కొత్త కాదు. మన సంవత్సరములలో ప్రభవ మొదటిది, అక్షయ అరువదవది. అయినను 1986లో అక్షయ వచ్చిన పిమ్మట 1987లో ప్రభవ వచ్చినది. అప్పుడు మొదటిదే కొత్తది, అరువదవదే పాతది. ఇంప్‌లకు నేర్పిన సూత్రము ఇట్టిదే. రెండు సంఖ్యల తేడా 32 గాని అంతకు తక్కువ గాని అయినచో పెద్ద సంఖ్య కొత్తది. తేడా 32కు మించినచో చక్రము ఒకమారు తిరిగినదని యెంచి, చిన్న సంఖ్యనే కొత్తదిగా గ్రహించవలెను. సూత్రము సరిగనే యున్నది. ఒక ఇంప్ పేరిట ఒకే కాలమున దూరదూరపు సంఖ్యలు తిరుగనంతవరకే!

ఆనాడు తీగలు వరుసగా పనిచేయుట మానినట్లు కనబడెను. ఇంప్‌లను ఒక్కొక్కదానిని ఆపి మరల నడిపినను ప్రయోజనము లేదు. కోలుకొని లేచినదానికి పొరుగునున్నది మరల అదే జబ్బు నంటించును. అప్పుడు నిపుణులు కొన్ని ఇంప్‌ల స్మృతిలో నున్నదంతయు ఉన్నదున్నట్లు బయటకు తీసి పరిశీలించిరి. నేటికిని ఒక కంప్యూటరు యొక్క మూల ప్రోగ్రామగు కెర్నెల్ కుప్పకూలినపుడు నిపుణులు మొదట చూచునది ఇట్టి స్మృతిచిత్రమునే. ఆ ఇంప్‌లలో వరుస కట్టి వేచియున్న నివేదికలన్నియు 50వ సంఖ్యగల ఇంప్ పేరిటివే. వాటి క్రమసంఖ్యలు మూడే: 8, 40, 44, మరల 8, 40, 44.

ఈ మూడింటిని పై సూత్రముతో పరీక్షింతము. 44, 40ల తేడా 4. కనుక 44 కొత్తది. 40, 8ల తేడా 32. కనుక 40 కొత్తది. 44, 8ల తేడా 36. ఇది 32కు మించినది, కనుక 8 కొత్తది! అనగా 8ని 40 తోసివేయును, 40ని 44 తోసివేయును, 44ను మరల 8 తోసివేయును. ప్రతిసారి ఇంప్ “కొత్త వార్త” యని నమ్మి చుట్టును పంపును. నివేదికల పని ఇతర పనులకంటె ముందుగా చేయవలెనను ఏర్పాటుండుటచే, తీగలు బాగున్నవో లేవో చూచు పనికి సమయము చిక్కలేదు. జవాబు రాకపోవుటచే బాగున్న తీగలు సయితము చెడినవిగా లెక్కింపబడెను.

ఆ మూడు సంఖ్యలు ఎట్లు పుట్టినవి? ద్విసంఖ్యామానములో 44 అనగా 101100. ఇందొక 1 జారి 0 అయినచో 101000, అనగా 40. ఇంకొక 1 జారినచో 001000, అనగా 8. పొరుగుననున్న 29వ ఇంప్ బిట్లను జారవిడుచుచుండెనని నిపుణులు తెలిసికొనిరి. తీగపై పోవునపుడు కలుగు దోషములను కనిపెట్టు ఏర్పాటుండెను గాని, స్మృతిలో నిలిచియున్నపుడు కలిగిన ఈ దోషమును పట్టునది లేకపోయెను.

చికిత్స చిన్నదే. 50వ ఇంప్ పేరిట వచ్చు నివేదికలను పట్టించుకొనవలదని ప్రోగ్రామునకు చిన్న మాసిక వేసి, దానిని ఇంప్‌లకు ఎక్కించిరి. వల తిరిగి కోలుకొనెను.

ఆ సంస్థకు చెందిన ఎరిక్ రోజెన్ ఈ వృత్తాంతమును 1981లో దాపరికము లేకుండ ప్రకటించెను. ఇట్టి తప్పుడు నివేదికలు ప్రవేశించినను తనంతట తాను కోలుకొను పద్ధతిని రేడియా పెర్ల్‌మన్ అను శాస్త్రజ్ఞురాలు 1983లో వివరించెను. తరువాత వచ్చిన ఓ.ఎస్.పి.ఎఫ్. అను దారి నిర్ణయపద్ధతిలో క్రమసంఖ్యకు 32 బిట్లు కలవు. సంఖ్యలు చక్రముగా తిరుగవు. గంట దాటిన నివేదిక చెల్లదు. నిలువయున్నపుడు కూడ దానిని సరిచూచుచుందురు.

ఉపాధ్యాయులు నల్లబల్లపై వృత్తము గీసి, 0 నుండి 63 వరకు అంకెలు వేసి, 8, 40, 44లను గుర్తించి, ఏది కొత్తదో విద్యార్థులనే చెప్పుమనవచ్చును. ముగ్గురు మూడు జవాబులు చెప్పుదురు. మూడును సూత్రము ప్రకారము సరియైనవే యగును. ప్రతి యంత్రమును చెప్పినట్లే నడచినను మొత్తము చెడవచ్చునని ఆనాడు ఆర్పానెట్ నేర్పిన పాఠము అప్పుడు వారికి సులభముగా బోధపడును.