పేరు లేని కల్లు

సైప్రస్ దీవిలో కమాండరియా అని ఓ తియ్యటి వైన్ ఉంది. మావ్రో అనే నల్ల ద్రాక్ష, జినిస్టెరి అనే తెల్ల ద్రాక్ష, రెండూ అక్కడివే. కోశాక ఎండలో ఆరబెట్టి, అప్పుడు పిండుతారు. క్రూసేడ్ల కాలంలో కొలోసి కోట నుంచి ఆ తోటలు ఏలిన సైనిక సన్యాసుల 'కమాండరీ' వల్ల ఆ పేరొచ్చింది. ఇప్పటికీ 14 గ్రామాల ద్రాక్షతో చేస్తేనే ఆ పేరు పెట్టుకోనిస్తారు.

ఇది చదువుతుంటే నాకు మా తాడేపల్లిగూడెం చుట్టుపక్కల తాటిచెట్లు గుర్తొచ్చాయి. మన కల్లుకి ఏ ఊరి పేరూ ఎందుకు లేదు?

ఒక కారణం సింపుల్. గెల నుంచి కారే రసం లొట్టిలో పడుతూనే పులవడం మొదలెడుతుంది. సున్నం పూసిన లొట్టి అయితే నీరాగా నిలుస్తుంది. లేదంటే పొద్దున తీపి, సాయంత్రానికి పులుపు. వైన్ ఓడెక్కింది, పీపాల్లో ఏళ్ళ తరబడి మాగింది. కల్లు చెట్టు కిందే అయిపోయింది. ఏ చెట్టుదో, ఎవరు గీశారో తాగేవాడికి తెలుసు, ఇంక పేరెందుకు?

రెండోదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కల్లు గురించి కాగితం మీద ఎక్కువగా రాసింది ఆబ్కారీ వాళ్ళే. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. చెట్టుకింత అని పన్ను కట్టించుకున్నారు. వాళ్ళు చెట్లు లెక్కపెట్టారు, రుచి ఎవరూ రాయలేదు. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా మద్యనిషేధం. తరాల వృత్తి నేరమైపోయింది. ఆంధ్ర రాష్ట్రం విడిపోయాకా అదే చట్టం. ఎత్తెయ్యమని రామమూర్తి కమిటీ చెప్పింది, గౌతు లచ్చన్న గీత కార్మికుల తరఫున పోరాడారు. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఈ గొడవ మీదే, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆంధ్ర రాష్ట్రపు మొదటి ప్రభుత్వం! స్కూల్లో మాకు పొట్టి శ్రీరాములు దగ్గరే పాఠం ఆపేశారు.

మా ఊరికి దగ్గర్లోనే, వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. తాటి మీద పరిశోధన దాని కింద పందిరిమామిడిలో జరుగుతోంది. మంచిదే. కానీ ఏ చెట్టు కల్లు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు పరిశోధన కేంద్రాల్లో లేరు.

కొల్లేరు వైపు, భీమడోలు దగ్గర ఓ గీత పెద్దాయన్ని అడిగాను, మీరు గీసినవాటిలో ఏది తియ్యన అని. ఆలోచించనే లేదు. "కాలవగట్టు మీద మూడోది బాబూ," అన్నారు. చూద్దామని వెళ్ళాం. గట్టు లేదు, చేపల చెరువు ఉంది.