వెండి ఫోర్కు మీది ముద్రలు

నేను ఇక్కడ షెఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. రోజంతా కంప్యూటర్‌తో కుస్తీ పట్టేవాడికి వెండి సామాన్ల గొడవ ఎందుకంటారా? ఒక ఆదివారం సంతలో పాత చెక్కపెట్టె కనిపించింది. అందులో ముత్యపు చిప్ప పిడులున్న ఆరు చిన్న కత్తులు, ఆరు ఫోర్కులు. ముచ్చటపడి కొన్నాను. ఫోన్లో అమ్మకి చెబితే, "ఎవరి ఎంగిలి సామానో డబ్బులిచ్చి కొన్నావా నాయనా!" అంది. ఆ వెంటనే, "ఎన్ని తులాలుంటుంది?" అని కూడా అడిగిందనుకోండి.

అవి డిజర్ట్ తినడానికి చేసినవి. బల్ల మీది గిన్నెలు తీసేయడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి ఆ పేరు వచ్చింది. భోజనమయ్యాక బల్ల ఖాళీ చేసి పళ్ళు, మిఠాయిలు పెట్టేవారన్నమాట. మరి వెండే ఎందుకు? అప్పటి మామూలు కత్తులు ఉక్కువి. పళ్ళ పులుపు తగిలితే ఉక్కు నల్లబడి, పండు రుచి చెడేది. మనం ఇనుప మూకుడులో చింతపండు పులుసు ఉంచం కదా, అదే సంగతి. 1913లో ఇదే ఊళ్ళో హ్యారీ బ్రియర్లీ స్టెయిన్‌లెస్ స్టీలు తయారుచేశాక ఆ ఇబ్బంది క్రమంగా తీరిపోయింది.

అసలు కథంతా ఆ వెండి మీది ముద్రల్లో ఉంది. నడిచే సింహం ఉంటే వెండి 92.5 శాతం అని అర్థం. కిరీటం షెఫీల్డ్ గుర్తు. ఇక్కడ 1773లో పరీక్షా కార్యాలయం పెట్టారు. అంతకు ముందు ముద్ర కోసం సరుకుని వేరే ఊళ్ళకి పంపాల్సి వచ్చేది. 1975 నుంచి కిరీటం బదులు గులాబీ వేస్తున్నారు. విక్టోరియా రాణి తల ఉంటే పన్ను కట్టినట్టు. ఆ పన్ను 1890లో ఎత్తేశారు కాబట్టి నా పెట్టె అంతకు ముందుదే. ఒక అక్షరం ఏ ఏడాదిదో చెబుతుంది, పొడి అక్షరాలు ఎవరు చేయించారో చెబుతాయి. 1840 తర్వాత బాగా వ్యాపించిన కరెంటు పూత సామాను మీద ఆ సింహం ఉండదు.

ఇవన్నీ చదువుతుంటే మా అమ్మమ్మ ఉగ్గుగిన్నె గుర్తొచ్చింది. అమ్మ, మామయ్యలు, నేను, అందరం దాంతోనే ఉగ్గు తాగాం. అడుగున మా ముత్తాత పేరు చెక్కి ఉండేదట. అక్క పెళ్ళికి దాన్ని కొట్లో ఇచ్చి, తరుగు పోగా కొత్త కంచం తెచ్చారు. అప్పటి అవసరం అలాంటిది, ఎవరినీ తప్పుపట్టను. కానీ ఎవరి ఫోర్కుదో పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలను, మా గిన్నె ఏ ఊళ్ళో చేయించారో చెప్పలేను.

మొన్న వేసవిలో అమ్మ వచ్చినప్పుడు ఆ ఫోర్కులతోనే మామిడిపండు ముక్కలు పెట్టాను. తిని, కాసేపు తిప్పి చూసి, "పాప పేరు చెక్కించరా, దీని కథ దానికి తెలియాలి" అంది.

మీ ఇంట్లోనూ పాత వెండి ఉంటే, మార్చేముందు ఒక ఫోటో తీయండి. ఎవరిది, ఎవరు పెట్టారు అని పెద్దవాళ్ళని అడిగి రాసిపెట్టుకోండి. మన వెండికి ముద్ర అదే.