కండర బల పరీక్షల విశ్వసనీయత

కండరంలో మార్పు లేనంతకాలం ఎవరు కొలిచినా, ఎన్నిసార్లు కొలిచినా దాదాపు ఒకే ఫలితం వస్తే ఆ బల పరీక్షను విశ్వసనీయమైనదిగా లెక్కిస్తారు. ఫిజియోథెరపీలో ఎక్కువగా కనిపించేది చేత్తో చేసే పరీక్ష. అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ రాబర్ట్ లవెట్ వద్ద పనిచేసిన విల్హెల్మిన్ రైట్ 1912లో దీన్ని ప్రచురించారు. పోలియో రోగులకు ఇది బాగా ఉపయోగపడింది. 1943లో బ్రిటన్‌లోని మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ప్రకటించిన 0 నుంచి 5 వరకు గ్రేడ్లు నేటికీ వాడుకలో ఉన్నాయి.

గ్రేడ్ 3 దాకా పెద్దగా పేచీ రాదు. కాలు తన బరువును తాను ఎత్తగలదా లేదా అన్నది కంటికి కనిపిస్తుంది. ఆ పైన తీర్పు చెప్పేది పరీక్షకుడి చెయ్యి. మోకాలు చాపిన రోగిని చీలమండ పైన నొక్కే బదులు చీలమండకూ మోకాలికీ మధ్యలో నొక్కితే అదే కండరం ఎక్కువ బలంగా తోస్తుంది. రోగి వెనక్కి వాలినా లెక్క మారుతుంది. పోలియో రోగులపై విలిస్ బీస్లీ 1961లో ప్రచురించిన కొలతల్లో, ‘మంచి’ గ్రేడ్ (అంటే గ్రేడ్ 4) పొందిన మోకాలి కండరాల సగటు బలం ఆరోగ్యవంతుల బలంలో సగానికి చేరలేదు. గ్రేడ్ 4 అంత విశాలమైనది. రోగి నెలల తరబడి కోలుకుంటున్నా అందులోనే ఉండిపోవచ్చు.

చేతిలో పట్టుకునే డైనమోమీటర్ బలాన్ని అంకెల్లో చూపుతుంది. కానీ రోగి తొడ కండరం పరీక్షకుడి చేతికన్నా బలమైనదైతే పరికరం కొలిచేది పరీక్షకుడి బలాన్నే! పరికరాన్ని బెల్టుతో బిగిస్తే ఈ లోపం చాలావరకు తీరుతుంది. రోగి తోసేటప్పటి కొలతనూ, పరీక్షకుడు నొక్కి కీలును వంచేటప్పటి కొలతనూ కలపకూడదు. రెండోది సాధారణంగా ఎక్కువ వస్తుంది. కీలు కదిలే వేగాన్ని స్థిరంగా ఉంచే ఐసోకైనెటిక్ యంత్రాలను ప్రమాణంగా తీసుకుంటారు గానీ, వాటి ధర, అవి ఆక్రమించే చోటు చిన్న క్లినిక్‌లకు భారం. చేతి పట్టు కొలతలో మాత్రం భంగిమ దాదాపు స్థిరపడింది: రోగి కూర్చుని, మోచేతిని 90 డిగ్రీలు వంచి, మూడుసార్లు పిండితే సగటు తీసుకుంటారు.

కొలతలు ఒకదానితో ఒకటి ఎంతగా కలుస్తాయో చెప్పే విశ్వసనీయత గుణకం 1కి దగ్గరగా ఉన్నంత మాత్రాన సరిపోదు; కొలతలో ఎంత తేడా మామూలో కూడా తెలియాలి. కొలతలో 3 కిలోల తేడా సహజంగానే వచ్చే పరికరంపై 2 కిలోల పెరుగుదలను కోలుకోవడంగా రాయలేం. నొప్పి మరో చిక్కు. భుజం నొప్పి ఉన్న రోగి ప్రతిసారీ ఒకే అంకె చూపవచ్చు. అది కండరానికున్న పూర్తి బలం కాదు, నొప్పి సాగనిచ్చినంత బలం. అందుకే ఫలితం పక్కన నొప్పి ఉందో లేదో కూడా నమోదు చేయాలి.