నెలలు నిండని శిశువుకు లెక్క ప్రకారం పాలు.. కృత్రిమ మేధకూ తూకమే ఆధారం

మచిలీపట్నం: ‘ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు’ అన్న మాట పల్లెల్లో పెద్దల నోట నేటికీ వినిపిస్తుంది. వైద్యశాస్త్రం దీనిని అంగీకరించదు. గర్భంలో గడిపిన ప్రతి వారమూ శిశువుకు బలమే. 37 వారాలు నిండకముందే జన్మించిన వారిని నెలలు నిండని శిశువులుగా పరిగణిస్తారు. 2020లో ప్రపంచవ్యాప్తంగా ఇటువంటి జననాలు 1.34 కోట్లు కాగా, వాటిలో 30 లక్షలకు పైగా భారతదేశంలోనే నమోదయ్యాయని అంచనా.

వీరికి పాలు పట్టడం గ్రాములతో, మిల్లీలీటర్లతో కూడిన లెక్క. 1,400 గ్రాముల శిశువుకు కిలోకు 150 మి.లీ. చొప్పున రోజుకు 210 మి.లీ. పాలు కావాలి. రెండు గంటలకొకసారి పట్టేటప్పుడు విడతకు పదిహేడున్నర మి.లీ. మాత్రమే. తల్లిపాలు 100 మి.లీ.లో సుమారు 67 కిలో కేలరీలుంటాయి గనుక కిలో బరువుకు అందేది వంద. ఐరోపా శిశు పోషకాహార నిపుణుల సంఘం 2022లో సూచించినది 115 నుంచి 140. ఈ లోటు పూడ్చేందుకే కిలోన్నర లోపు శిశువులకు వైద్యులు తల్లిపాలలో పోషకాల పొడిని కలిపిస్తారు. తల్లిపాలకు బదులు డబ్బా పాలు పడితే ప్రాణాంతకమైన పేగు వ్యాధి ముప్పు పెరుగుతుంది. పైగా పాలలోని మాంసకృత్తులు తల్లికీ తల్లికీ, రోజుకూ రోజుకూ మారతాయి. అందరికీ ఒకే కొలత చాలకపోవడానికి కారణమిదే.

పాలు అరిగించుకోలేని శిశువులకు సిర ద్వారా పోషక ద్రావణం ఎక్కిస్తారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సుమారు 80 వేల పాత ప్రిస్క్రిప్షన్లను కంప్యూటర్‌కు నేర్పి, 15 ప్రామాణిక మిశ్రమాలలో ఏది ఏ శిశువుకు తగునో సూచించే కృత్రిమ మేధ విధానాన్ని రూపొందించారు. ఫలితాలు 2025లో ‘నేచర్ మెడిసిన్’ పత్రికలో వెలువడ్డాయి. అక్కడ యంత్రం నేర్చుకున్నది ఏళ్ల తరబడి సక్రమంగా రాసిపెట్టిన అంకెల నుంచే.

దివిసీమకు సంబంధించిన ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. నవజాత శిశు సంరక్షణ విభాగంలో ఉన్నంతకాలం బరువు, పాల కొలత కేసు షీటులో నమోదవుతాయి. నాగాయలంక, కోడూరు మండలాల తీర గ్రామాల తల్లి బందరు నుంచో, గుడివాడ నుంచో ఇంటికి చేరాక ఆ వరుస తెగిపోయే అవకాశం ఎక్కువ. కిలోన్నర శిశువు రోజుకు పెరగవలసినది పాతిక, ముప్ఫై గ్రాములు. ఆ తేడాను పట్టుకోలేని తూకయంత్రం చూపిన అంకెను ఎంతటి కంప్యూటర్‌కు అందించినా సరైన సలహా రాదు. ఇంట్లో నాకించే తేనె, ఆముదం చుక్క, పంచదార నీళ్లు ఏ పుస్తకంలోనూ నమోదు కావు. ఇవి హానికరం కూడా.

ఆసుపత్రి కాన్పు అయిన ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లి శిశువును తూచాలి. డిశ్చార్జి పత్రాన్ని ఆమెకు చూపితే ఆసుపత్రిలో ఆగిన లెక్క ఇంటి వద్ద కొనసాగుతుంది. శిశువును తల్లి రొమ్ముకు చర్మం తగిలేలా కట్టుకునే కంగారూ సంరక్షణను రోజుకు 8 నుంచి 24 గంటలు పాటించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. దీనికి ఏ యంత్రమూ అక్కరలేదు.