వైద్యవిద్యా ప్రవేశాల్లో అనుకరణ సన్నివేశం: మౌఖిక పరీక్షకు రెండు ప్రత్యామ్నాయాలు

ప్రవేశాల కోసం జరిపే మౌఖిక పరీక్షపై ప్రధాన ఆక్షేపణ పాతదే. ఒకే గదిలో, ఒకే బృందం ముందు, కొద్ది నిమిషాల్లో వేసే మార్కులలో అభ్యర్థి గుణం ఎంత, పరీక్షకుల అభిరుచి ఎంత అన్నది విడదీయడం కష్టం. ఈ ఆక్షేపణకు భారతదేశం, కెనడా భిన్నమైన సమాధానాలు చెప్పాయి. వాటిని పోల్చి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

భారతదేశంలో ఈ సమస్య న్యాయస్థానాలకు చేరింది. తమిళనాడు వైద్య కళాశాలల ప్రవేశాల్లో మౌఖిక పరీక్షకు 75 మార్కులు కేటాయించిన తీరును సుప్రీంకోర్టు పెరియకరుప్పన్ కేసులో తప్పుపట్టింది. శ్రీనగర్ ఇంజనీరింగ్ కళాశాలకు సంబంధించిన అజయ్ హసియా కేసులో (1980) రెండు మూడు నిమిషాల ప్రశ్నలతో ఎంపిక చేయడాన్ని ఆక్షేపించి, మౌఖిక పరీక్షకు 15 శాతానికి మించి మార్కులు ఉండరాదని పేర్కొంది. కాలక్రమంలో రాతపరీక్షే ప్రధానమైంది. తెలుగు విద్యార్థులకు మొదట ఎంసెట్, తర్వాత నీట్ ర్యాంకు వైద్యవిద్యకు ద్వారమైంది.

కెనడా మౌఖిక పరీక్షను తొలగించలేదు, దాన్ని ముక్కలు చేసింది. ఈ పద్ధతికి మూలాలు వైద్య విద్యార్థుల పరీక్షల్లో ఉన్నాయి. 1963లో అమెరికాలో హోవర్డ్ బారోస్ రోగిగా నటించే వ్యక్తిని బోధనలో ప్రవేశపెట్టాడు. 1975లో స్కాట్లాండ్‌కు చెందిన రొనాల్డ్ హార్డెన్, విద్యార్థులు ఒక కేంద్రం నుండి మరొక కేంద్రానికి మారుతూ రాసే క్లినికల్ పరీక్షను ప్రతిపాదించాడు. ఒక సందర్భంలో రాణించినవాడు మరొక సందర్భంలో తడబడవచ్చునన్నది ఇటువంటి పరీక్షలు నేర్పిన పాఠం.

ఆ పాఠాన్ని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో కెవిన్ ఈవా బృందం ప్రవేశాలకు అన్వయించి, 2004లో 'మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ' పేరుతో ప్రచురించింది. ఇందులో 10 కేంద్రాలు, ఒక్కొక్కదానికి 8 నిమిషాలు, ప్రతిచోటా వేరొక పరీక్షకుడు. ఒక సన్నివేశంలో అభ్యర్థి తన సహోద్యోగినిని విమానాశ్రయానికి తీసుకువెళ్లాలి. విమానమంటే భయపడుతున్న ఆమె పాత్రను నటి పోషిస్తుంది. ఇక్కడ వైద్యజ్ఞానం అవసరం లేదు. ఎదుటివారి భయాన్ని అభ్యర్థి ఎలా వింటాడన్నదే పరీక్ష. 117 మంది అభ్యర్థులపై జరిపిన తొలి అధ్యయనంలో విశ్వసనీయత గుణకం 0.65గా తేలింది. ఈ పద్ధతి ద్వారా ఎంపికైనవారు, అక్కడ తిరస్కరణకు గురై వేరేచోట చదివినవారికంటే జాతీయ అర్హత పరీక్షల్లో మెరుగైన మార్కులు పొందారని 2012 నాటి అధ్యయనం చూపింది.

అయితే గదులు, నటులు, శిక్షణ పొందిన పరీక్షకులు కావలసిన ఈ పద్ధతిని 20 లక్షలకు పైగా అభ్యర్థులు రాసే నీట్ స్థాయికి విస్తరించడం సాధ్యమయ్యే పని కాదు. భారతదేశం 2019 నుండి వైఖరి, నైతికత, సంభాషణ నైపుణ్యాలను ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళికలోనే చేర్చింది. సుప్రీంకోర్టు ఆక్షేపించినది మౌఖిక పరీక్ష జరిగిన తీరునూ దానికిచ్చిన మితిమీరిన మార్కులనే కాని, నడవడిని అంచనా వేయడాన్ని కాదు. రాతపరీక్ష పక్షపాతానికి తావు తగ్గించింది. రోగి మాట వినగలిగేవారిని గుర్తించే బాధ్యత మాత్రం ప్రవేశ ద్వారం దాటి తరగతి గదికి చేరింది. ఆ బాధ్యతను అధ్యాపకులు ఎంత గంభీరంగా స్వీకరిస్తారన్న దానిపైనే ఈ మార్గం ఫలితం ఆధారపడి ఉంటుంది.