చెరువు పక్కనే ఇల్లు: దోమలకు చెరువే కారణమా?

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో చెరువును 'పుకుర్' అంటారు. క్వార్టర్ల వెనుక, బజారు సందుల చివర, ఊరి అంచుల్లో ఇవి కనిపిస్తాయి. కొన్నిటిలో చేపలు పెంచుతారు, కొన్నిటిలో స్నానాలు చేస్తారు. మరికొన్ని గుర్రపు డెక్క కమ్మేసి, చెత్త వేసే గుంతలుగా మిగిలాయి.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల వారసులు ఈ పట్టణంలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని రాష్ట్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించడానికి ప్రధాన కారణం కూడా వీరే. వానాకాలం వస్తే బెంగాలీలకైనా తెలుగువారికైనా ఒకటే బెడద, దోమలు. చెరువు పక్కన ఉన్న ఇళ్లవారు సాధారణంగా ముందు నిందించేది చెరువునే. దాన్ని పూడ్చేస్తే పీడ పోతుందన్న మాట కూడా వినిపిస్తుంటుంది.

చెరువు పూడిస్తే దోమలు నిజంగా పోతాయా? కుట్టే దోమ ఏది, అది ఎక్కడ పుట్టింది అన్నది తెలిస్తేనే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ఏ దోమ ఏ నీటిలో పుడుతుంది?

దోమలన్నీ నీటిలోనే పుడతాయి, కానీ అన్నీ ఒకే రకం నీటిలో కాదు. ఇళ్ల చుట్టూ తిరిగే దోమల్లో ముఖ్యమైనవి నాలుగు రకాలు.

ఏడిస్: నల్లటి ఒంటి మీద, కాళ్ల మీద తెల్లటి చారలుంటాయి. డెంగీ, చికున్‌గున్యా దీనివల్లే వస్తాయి. ఎక్కువగా పగటిపూట, ముఖ్యంగా ఉదయం, సాయంత్రం వేళల్లో కుడుతుంది. డ్రమ్ములు, కూలర్లు, పూలకుండీల కింది పళ్లేలు, పాత టైర్ల వంటి వాటిలో నిలిచిన నీటిలో గుడ్లు పెడుతుంది. చెరువులో దాదాపుగా పెట్టదు.

క్యూలెక్స్: రాత్రిపూట చెవి దగ్గర రొద పెట్టే గోధుమరంగు దోమ. దీనిలో ఒక జాతి మురుగు కాల్వల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పెరిగి బోదకాలు వ్యాధిని మోస్తుంది. ఉత్తరాంధ్ర, గోదావరి తీర ప్రాంతాల వారికి ఈ వ్యాధి కొత్త కాదు. మరికొన్ని జాతులు వరిమళ్లలో, గడ్డి మొలిచిన నీటిలో పెరిగి మెదడువాపు వ్యాధిని వ్యాపింపజేస్తాయి.

అనాఫిలిస్: గోడ మీద వాలినప్పుడు తోక భాగం పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటుంది. మలేరియాకు కారణం ఇదే. దీనిలోని చాలా జాతులు తేటనీటిలో పుడతాయి. కోల్‌కతా వంటి నగరాల్లో మలేరియా మోసే స్టెఫెన్సై జాతికి మాత్రం చెరువు కంటే మేడ మీది నీళ్ల ట్యాంకు, బావి ఇష్టం.

మాన్సోనియా: పూర్తిగా చెరువుకు చెందిన దోమ ఇదే. దీని లార్వా, అంటే నీటిలో పెరిగే పిల్ల పురుగు, మిగతా వాటిలా పైకి వచ్చి గాలి పీల్చదు. గుర్రపు డెక్క, అంతర తామర వంటి మొక్కల వేళ్లకు గుచ్చుకుని వాటి నుంచే ఊపిరి తీసుకుంటుంది. అందుకే నీటిపైన నూనె చల్లినా దీనికేమీ కాదు. మొక్కలు తీసేస్తే మాత్రం బతకలేదు.

ఎగిరే దూరంలోనూ తేడా ఉంది. ఏడిస్ సాధారణంగా పుట్టిన చోటికి 400 మీటర్ల లోపే తిరుగుతుంది, చాలావరకు అంత దూరం కూడా పోదు. క్యూలెక్స్ కిలోమీటరు, ఆపైన కూడా ఎగురుతుంది. కాబట్టి పగలు కుట్టే చారల దోమ కనిపిస్తే ముందు సొంత పెరట్లో, పక్కింటి డాబా మీద వెతకాలి. రాత్రి దోమల మంద ఎక్కువైతే వీధి కాల్వ వైపు, సెప్టిక్ ట్యాంకు వైపు చూడాలి.

చెరువులో దోమలు ఎక్కడ పెరుగుతాయి?

లోతుగా, శుభ్రంగా ఉండి గాలికి అలలు కదిలే చెరువు నడిమి భాగంలో దోమలు పెరగడం కష్టం. చాలా రకాల లార్వాలు నీటిపైకి వచ్చి గాలి పీల్చాలి. అలలు వాటిని నిలవనివ్వవు. చేపలు, తూనీగ పిల్లలు, నీటి పురుగులు మిగతావాటిని తినేస్తాయి.

చెరువు ఒడ్డున మాత్రం పరిస్థితి వేరు. వాలిన గడ్డి, తూడు, పశువుల గిట్టలు దిగిన గుంతలు, నీరు తగ్గాక మిగిలే మడుగులు, ప్లాస్టిక్ చెత్త వెనుక కదలని నీరు దోమకు అనుకూలం. అక్కడికి చేప చేరలేదు. ఇంటి మురుగు చెరువులోకి పడుతుంటే క్యూలెక్స్ కూడా చేరుతుంది.

దీన్ని ఎవరైనా పరీక్షించుకోవచ్చు. ఒక తెల్ల గిన్నెతో చెరువు నడుమ నుంచి, ఒడ్డున గడ్డి మధ్య నుంచి, వీధి కాల్వ నుంచి, పెరటి డ్రమ్ము నుంచి కొంచెం కొంచెం నీరు తీసి చూడాలి. మెలికలు తిరుగుతూ కదిలే సన్నటి పురుగులు ఏ గిన్నెలో ఎక్కువగా ఉన్నాయో, పని అక్కడ మొదలుపెట్టాలి.

రైలు కట్టలు నేర్పిన పాఠం

మలేరియా దోమ ద్వారా వ్యాపిస్తుందన్న రహస్యానికి తొలి ఆధారం తెలుగు నేల మీదే దొరికింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశారు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షులపై ప్రయోగాలతో, అది దోమ కాటు ద్వారా ఎలా చేరుతుందో తేల్చారు. ఖరగ్‌పూర్ జంక్షన్ రూపుదిద్దుకున్నది కూడా ఇంచుమించు ఆ ఏళ్లలోనే.

బెంగాల్‌లో అప్పటికే రైలుకూ జ్వరానికీ సంబంధం ఉందన్న వాదన నడుస్తోంది. 1860ల్లో 'బర్ధమాన్ జ్వరం' పల్లెలను ఖాళీ చేస్తున్నప్పుడు, రోడ్లు, రైలు కట్టలు నీటి దారులను మూసేయడమే దానికి కారణమని దిగంబర్ మిత్ర వాదించారు. బెంగాల్ ప్రజారోగ్య శాఖ డైరెక్టర్‌గా పనిచేసిన సి.ఎ. బెంట్లీ 1925లో మలేరియా, వ్యవసాయాలపై తెచ్చిన పుస్తకంలో ఈ వాదనను మరింత ముందుకు తీసుకెళ్లారు. వరద నీరు పొలాల మీదుగా పారి చెరువులను కడిగేదని, కట్టలు వచ్చాక ఆ నీరు ఆగిపోయి మడుగులుగా నిలిచిందని ఆయన చెప్పారు.

కట్ట పోయడానికి పక్కనే మట్టి తవ్విన గుంతలది మరో సమస్య. పట్టాల వెంట కిలోమీటర్ల పొడవునా వాననీరు నిలిచే గుంతలు ఏర్పడ్డాయి. బెంగాల్ నాగపూర్ రైల్వేలో మలేరియా అధికారిగా పనిచేసిన కీటక శాస్త్రవేత్త రోనాల్డ్ సీనియర్ వైట్, భారతీయ రైల్వేలపై మలేరియా ప్రభావం గురించి 1928లో ప్రత్యేక అధ్యయనం వెలువరించారు. ఆ తర్వాత ఒడిశాలోని జయపూర్ కొండల్లో మలేరియాపైనా ఆయన పనిచేశారు. ఏ ప్రాంతంలో ఏ జాతి దోమ వ్యాధిని మోస్తుందో కనిపెట్టి, దాని నీటిపైనే దృష్టి పెట్టాలన్నది ఆ తరం మలేరియా నిపుణుల పద్ధతి. ప్రతి నీటిచుక్కపైనా యుద్ధం చేయడానికి డబ్బూ మనుషులూ చాలరని వారికి తెలుసు.

ఆ తర్వాత డీడీటీ వచ్చింది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. 1961 నాటికి దేశంలో కేసులు సుమారు 50 వేలకు పడిపోయాయి. దోమలు మందుకు అలవాటు పడటం, నిఘా సడలడం వంటి కారణాలతో 1976లో అవి 64 లక్షలు దాటాయి. మందు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో ఈ అంకెలు చెబుతాయి.

చెరువును పూడిస్తే?

పశ్చిమ బెంగాల్‌లో అది చట్టవిరుద్ధం. 1984 నాటి రాష్ట్ర అంతర్గత మత్స్య చట్టానికి తర్వాత చేసిన సవరణ ప్రకారం, 0.035 హెక్టార్లు, అంటే సుమారు 5 కట్టాలు, లేదా అంతకు మించి విస్తీర్ణం ఉండి, ఏడాదిలో కనీసం 6 నెలలు నీరు నిలిచే జలాశయాన్ని పూడ్చకూడదు.

దోమల లెక్కలో చూసినా పూడ్చడం తెలివైన పని కాదు. చుట్టుపక్కల వాన నీరంతా చేరే పల్లపు చోటును మూసేస్తే, ఆ నీరు సందుల్లోకీ కాల్వల్లోకీ మళ్లుతుంది. చేపలున్న ఒక చెరువు పోయి, చేపల్లేని ఎన్నో మడుగులు వస్తాయి. సగం పూడ్చి చెత్తతో వదిలేసిన చెరువు అన్నిటికంటే ప్రమాదం.

చెరువును బతికించడం ఎలా?

మొదటి పని గుర్రపు డెక్క తొలగించడం. ఈ మొక్క బెంగాల్‌ను ఎంతగా వేధించిందంటే, దాని కోసమే 1936లో ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. తీసిన మొక్కను గట్టు మీదే వదిలితే వానకు మళ్లీ నీటిలోకి చేరుతుంది. దూరంగా వేసి కంపోస్టు చేయాలి. కొన్ని మొక్కలు మిగిలినా నెలల్లో చెరువంతా కమ్మేస్తాయి కాబట్టి ఏటా చేయాల్సిన పని ఇది.

రెండోది ఒడ్డును సరిచేయడం. గట్టును నిటారుగా చెక్కి, గడ్డి కోసి, పక్కన ఉన్న చిన్న గుంతలను మట్టితో నింపాలి. పూడ్చాల్సినవి ఈ గుంతలే. మురుగు కాల్వను చెరువులోకి రాకుండా మళ్లించాలి.

మూడోది చేపలు. గప్పీ, గంబూసియా లార్వాలను తింటాయి. గంబూసియాను 1928లో ఇటలీ నుంచి భారత్‌కు తెచ్చారు. కానీ ఇవి బయటి జాతులు. గంబూసియా స్థానిక చేపల గుడ్లను, పిల్లలను కూడా తింటుంది. అందువల్ల వీటిని మూసి ఉన్న ట్యాంకులకు, వాడని బావులకు పరిమితం చేయడం మేలు. బెంగాల్ చెరువుల్లో సహజంగా ఉండే 'తేచోఖా' నీటిపైనే తిరుగుతూ లార్వాలను వేటాడుతుంది. తల మీద మెరిసే మచ్చ వల్ల మూడు కళ్లున్నట్టు కనిపించే చిన్న చేప అది.

చేపల్ని వదిలేస్తే పని అయిపోయినట్టు కాదు. చేపల వల్ల మనుషుల్లో మలేరియా తగ్గుతుందని చెప్పడానికి తగిన పరిశోధనలు లేవని 2013 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. గడ్డి నిండిన ఒడ్డులోకి చేప వెళ్లలేకపోవడం ఇక్కడ గుర్తుంచుకోవాలి. గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో 1983లో మలేరియా పరిశోధన కేంద్రం చేపట్టిన ప్రయత్నంలో గుంతలు పూడ్చడం, చేపలు వదలడం, ఊరివారిని కలుపుకోవడం అన్నీ కలిసి సాగాయి. తినే చేపల పెంపకాన్నీ దానికి జోడించారు. చెరువు ఆదాయం ఇస్తే దాన్ని శుభ్రంగా ఉంచేవారూ ఉంటారు.

రసాయనాలు ఆఖరున రావాలి. ఇజ్రాయెల్‌లో 1976లో గుర్తించిన బీటీఐ అనే బ్యాక్టీరియా లార్వాలను చంపుతుంది, చేపలకు, మనుషులకు హాని చేయదు. కాల్చిన ఇంజన్ నూనెను బతికున్న చెరువులో పోయకూడదు. దోమను తినే జీవులు కూడా దానితో చస్తాయి.

పొగ బండి వస్తే చాలా?

ఫాగింగ్ యంత్రం ఆ సమయానికి గాలిలో ఎగురుతున్న దోమలనే చంపుతుంది. నీటిలోని లార్వాలకు ఏమీ కాదు. ఇంట్లో మంచం కింద, బట్టల వెనుక దాక్కున్న ఏడిస్‌కు చాలావరకు తగలదు. డెంగీ కేసులు బయటపడిన వీధిలో వెంటనే వాడితే ఉపయోగం ఉంటుంది. వారం వారం చేసే శుభ్రతకు అది ప్రత్యామ్నాయం కాదు.

ఇంటిలోపల ఏం చూడాలి?

వేడి వాతావరణంలో గుడ్డు దోమగా మారడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. అందుకే వారానికి ఒకరోజు నీళ్ల పాత్రలన్నీ ఖాళీ చేయమంటారు. ఏడిస్ గుడ్లు ఎండినా నెలల తరబడి బతుకుతాయి కాబట్టి నీరు పారబోస్తే సరిపోదు, డ్రమ్ము లోపలి గోడలను పీచుతో రుద్దాలి.

కుళాయి నీరు వేళకే వచ్చే ఇళ్లలో డ్రమ్ములు తప్పవు. వాటికి బిగుతైన మూత, లేదా గుడ్డ కట్టాలి. సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం కొనకు సన్నటి వల చుడితే క్యూలెక్స్ బయటికి రాదు.

బెంగాల్ పట్టణాల్లో ప్రత్యేకంగా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. తాగి పారేసిన మట్టి టీ కప్పులు, కొబ్బరి బోండాల డొల్లలు వాన నీటిని పట్టి ఉంచుతాయి. రైల్వే పట్టణాల్లో ఘనంగా జరిగే విశ్వకర్మ పూజ, ఆ వెంటే దుర్గా పూజ డెంగీ కాలంలోనే వస్తాయి. పందిళ్ల కోసం పాతిన వెదురు బొంగుల పై కొసల్లో నీరు నిలుస్తుంది. వాటిని ఇసుకతోనో గుడ్డతోనో మూయాలి. నిమజ్జనం తర్వాత విగ్రహాల గడ్డి, చట్రాలను చెరువులోంచి తీసేయాలి.

రాత్రిపూట మందు పట్టించిన దోమతెర, కిటికీలకు జాలీ ఇప్పటికీ నమ్మకమైన రక్షణ. పసిపిల్లలు పగలు నిద్రపోయేటప్పుడూ దోమతెర కావాలి. వేపాకు పొగతో దోమలు కాసేపు చెదిరిపోవచ్చు, దాన్నే వ్యాధి నుంచి రక్షణ అనుకోకూడదు.

జ్వరం వస్తే

వానాకాలంలో వచ్చే జ్వరానికి డెంగీ, మలేరియా రెండు పరీక్షలూ అవసరం. డెంగీకి మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష చేస్తారు. ఫలితం తెలిసేదాకా పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వాడకూడదు. అవి రక్తస్రావం ముప్పును పెంచుతాయి. జ్వరం తగ్గాక కూడా తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత ఉంటే వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. వైవాక్స్ మలేరియాకు ఇచ్చే మాత్రలను డాక్టర్ చెప్పిన రోజులన్నీ వాడాలి. మధ్యలో ఆపితే కాలేయంలో దాగిన పరాన్నజీవి నెలల తర్వాత మళ్లీ జ్వరం తెస్తుంది. మెదడువాపు వ్యాధి ఉన్న జిల్లాల్లో పిల్లలకు టీకా ఇస్తారు.

బాధ్యత ఎవరిది?

ఖరగ్‌పూర్‌లో రైల్వే స్థలంలో పారిశుద్ధ్యాన్ని రైల్వే చూస్తుంది, మిగతా పట్టణాన్ని పురపాలక సంఘం చూస్తుంది. చెరువుల్లో కొన్ని ప్రైవేటువి. కానీ కాల్వ ఒకరి స్థలంలో మొదలై మరొకరి స్థలంలో ఆగుతుంది, దోమ రెండు చోట్లా తిరుగుతుంది. ఒక వైపు కాల్వ శుభ్రం చేసి రెండో వైపు వదిలేస్తే ఆ శ్రమంతా వారాల్లో వృథా అవుతుంది. ఫిర్యాదు చేసేవారు ఒక కార్యాలయానికే కాకుండా ఇద్దరికీ ఒకే లేఖ, ఒకే మ్యాపు ఇవ్వడం మంచిది. గిన్నెతో తీసిన నీటిలో ఎక్కడెక్కడ లార్వాలు కనిపించాయో దానిలో గుర్తిస్తే, చెరువుపై పడుతున్న నింద ఎంతవరకు నిజమో కూడా తేలిపోతుంది.