"జహీరాబాద్‌ల ఏమున్నదే నాయినా?" అన్న కొడుక్కు నా జవాబు



పోయిన సంక్రాంతికి మా పెద్దోడు ఇంటికొచ్చిండు. పటాన్‌చెరు దిక్కు కంపెనీల నౌకరి, అక్కడ్నే కిరాయి ఇల్లు. సకినాలు తినుకుంట మెల్లగ మాట తీసిండు. "నాయినా, మన భూమికి ఇప్పుడు మంచి రేటున్నది. రెండెకరాలు అమ్మితే అక్కడ ఫ్లాటు వస్తది. మీరిద్దరు కూడా మా దగ్గరికే రండ్రి. గీ జహీరాబాద్‌ల ఏమున్నదే?"

నేను ఏం అనలే. వాడు అడిగిందాంట్ల తప్పేం లేదు. మీ ఇండ్లళ్ల కూడా ఇదే మాట నడుస్తుండొచ్చు. అందుకే వాడికి చెప్పాల్సిన జవాబు మీ ముందట రాస్తున్న. జర పొడుగుంటది, ఓపికతోని చదవుండ్రి.

చిన్న ఊర్ల ఉండుడు మంచిదా కాదా అని ఊకెనే లెక్క చెయ్యరాదు. మన ఊరు ఇట్ల ఎందుకయ్యిందో ముందు తెల్వాలె.

మనది రోడ్డు మీది ఊరు. ఒక దిక్కు హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైచిలుకు, ఒక దిక్కు బీదర్ ముప్పై కిలోమీటర్లు, రోడ్డు పట్టుకొని పోతే హుమ్నాబాద్, షోలాపూర్, ఇంకా ముందటికి బొంబాయి. నిజాం కాలంలనే వికారాబాద్ నుంచి బీదర్ దాకా రైలు పట్టాలు పడ్డయి, అవి మన ఊరి మీదికెళ్లే పోయినయి. ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి అంటున్నం, మొన్నమొన్నటిదాకా అది 9వ నంబరు. మన ఊరికి వచ్చిన మంచి, చెడు రెండూ ఈ రోడ్డు మీదికెళ్లే వచ్చినయి.

1948 సెప్టెంబర్ సంగతి మా తాత చెప్పేటోడు. భారత సైన్యం షోలాపూర్ దిక్కుకెళ్లి నల్దుర్గ్, హుమ్నాబాద్ దాటుకుంట ఇదే రోడ్డు పట్టింది. సెప్టెంబర్ 16న జహీరాబాద్ దిక్కు వచ్చింది. దారిల మందుపాతరలు పెట్టిండ్రు, బీదర్ రోడ్డు కలిసే కాడ కాల్పులైనయి. చీకటి పడేసరికి మన ఊరు దాటి ముందటికి పోయిండ్రు. 17న నిజాం సర్కారు చేతులెత్తేసింది. అంత పెద్ద రాజ్యం మారింది, మన ఊర్ల మాత్రం అది ఒక్క పగలు పని. మా తాత మాటల్లనైతే, "మిలిట్రీ లారీలు పోయినంక దుమ్ము మిగిలింది, మేం మల్ల గుంటుక పట్టినం."

అటెన్క ఎనిమిదేండ్లకు ఇంకో మార్పు. అప్పటిదాకా మనది బీదర్ జిల్లా. 1956 నవంబర్ 1న రాష్ట్రాలు మార్చి గీసినప్పుడు బీదర్ జిల్లాను మూడు ముక్కలు చేసిండ్రు. ఉద్గీర్, నీలంగా, అహ్మద్‌పూర్ బొంబాయి రాష్ట్రానికి, బీదర్ పట్నం, దాని చుట్టు తాలూకాలు మైసూరుకు. జహీరాబాద్ తాలూకా, న్యాల్కల్ సర్కిల్, నారాయణఖేడ్ తాలూకా ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మెదక్ జిల్లాల కలిసినయి. మన తాలూకాల నిర్ణ సర్కిల్ ఒక్కటి అటే ఉండిపోయింది. కాయిదం మీద గీసిన గీత అది. ఆ గీతకు అటు మా మేనత్త ఇల్లు, ఇటు మా ఇల్లు. ఆమె పిల్లలు కన్నడ బడిల చదివిండ్రు, మేం తెలుగు బడిల చదివినం. ఇంట్ల మాట మాత్రం ఇయ్యాల్టికి కలగాపులగమే. తెలుగు, ఉర్దూ, కన్నడం, నడుమ ఒక మరాఠీ ముక్క.

ఇది మన ఊరికి ఉన్న మొదటి లాభం అని నేనంట. మనకు రెండు దిక్కుల చుట్టాలున్నరు, రెండు దిక్కుల మార్కెట్లున్నయి. అల్లం రేటు ఇక్కడ పడిపోతే బీదర్ల ఎట్లున్నదో ఫోన్ చేసి అడుగుతం. మేనత్త కొడుకు దగ్గర విత్తనం అల్లం తెచ్చుకున్న, కోత అయినంక పైసలు ఇచ్చిన. నోటు రాసుకోలే, సంతకం పెట్టలే. పట్నంల ఆ నమ్మకానికి బ్యాంకు లోన్ ఇయ్యదు.

అదే గీత మీద నష్టం కూడా రాసుండ్రి. జిల్లాకు అంచున ఉన్న ఊరిని జిల్లా చివరికి చూస్తది. మన ఫైలు మెదక్ జిల్లాల ఉన్నన్ని రోజులు సంగారెడ్డి ఆఫీసులకు పోవాలె, ఒక్క సంతకానికి ఒక రోజు కూలి పాయె. 2016ల సంగారెడ్డి పేరుతోనే జిల్లా అయ్యింది గని, మనకు దూరమైతే ఒక్క కిలోమీటరు తగ్గలే.

ఇక ఫ్యాక్టరీల సంగతి. కొత్తూరు కాడ నిజాం షుగర్స్ వాళ్ల చక్కెర ఫ్యాక్టరీ వచ్చినప్పుడు చెరుకు రైతు చేతిల పైస ఆడింది. తర్వాత అది సర్కారు చేతులకెళ్లి ప్రైవేటు చేతికి పోయింది. 1980లల హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ జపాన్ నిస్సాన్‌తోని కలిసి మన దగ్గర చిన్న లారీలు తయారు చేసింది. అది మహీంద్రా చేతికి పోయింది. 2013 ప్రాంతంల ట్రాక్టర్ల ప్లాంటు కూడా వచ్చింది. ఇయ్యాల దేశంల ఏడనో ఒక రైతు దున్నే ట్రాక్టరు మన జహీరాబాద్ల పుట్టింది. అది మనకు గర్వమే.

అయితే ఒక మాట. ఒక్కటే ఫ్యాక్టరీ ఉన్న ఊర్ల రైతుకు బేరం ఉండదు. చెరుకు కొట్టినంక రెండు దినాలు ఆగదు, ఎండిపోతది, తూకం పోతది. కొనేటోడు ఒక్కడే అయితే వాడు చెప్పిందే రేటు, వాడు ఇచ్చిందే తారీఖు. పట్నంల ఒక నౌకరి పోతే ఇంకో గేటు తట్టొచ్చు. చిన్న ఊర్ల ఒక గేటు మూసుకుంటే వంద ఊర్లు ఉపాసముంటయి. ఇది చిన్న ఊరికున్న పెద్ద నష్టం, దీన్ని దాచొద్దు.

ఇంకో నష్టం నా ఇంట్ల జరిగిందే చెప్త. మా నాయినకు ఒక రాత్రి కాలు, చెయ్యి పడిపోయినయి. ఇక్కడ చూసినోళ్లు పట్నం తీస్కపొమ్మన్నరు. జీపు కట్టుకొని పోయినం. సదాశివపేట దాటినంక ప్రాణం పోయింది. ఎవ్వల్ని అనేది లేదు, దూరం అసొంటిది. "రోడ్డు మీది ఊరు" అని నేను గర్వంగ చెప్పుకున్న రోడ్డే ఆ రాత్రి ఒడవలే. మా కోడలు పిల్లగాని కోసం పట్నం అంటే, నేను ఆ రాత్రిని యాది చేసుకొని నోరు మూసుకుంట.

నీళ్ల ముచ్చట కూడా అంతే. మంజీర మన పక్కపొంటి పోతది. 1965 నుంచి ఆ నీళ్లు హైదరాబాద్ తాగుతున్నది, తర్వాత సింగూరు నీళ్లు కూడా అటే పోయినయి. సింగూరు కింద మునిగింది మన దిక్కు భూములే. మన చెల్కలు మాత్రం వాన మీద, బోరు మీద బతుకుతున్నయి. 2022 ఫిబ్రవరి 21న నారాయణఖేడ్ల సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతలకు శంకుస్థాపన చేసిండ్రు. నీళ్లు కాలువల కనిపించిన రోజు ఇంకో పోస్టు రాస్త. పట్నం పోయినోడు నల్ల తిప్పితే వచ్చేది మన నీళ్లే అని మా పెద్దోనికి చెప్పిన. వాడు నవ్విండు గని ఏమనలే.

ఇదంత చదివినోళ్లకు ఒకటి సమజై ఉంటది. సైన్యం వచ్చుడు, జిల్లా ముక్కలైడు, ఫ్యాక్టరీ పెట్టుడు అమ్ముడు, నీళ్లు మలుపుడు, అన్నీ వేరే కాడ కూసున్నోళ్లు తీసుకున్న నిర్ణయాలే. మనల్ని ఎవ్వరు అడగలే. నష్టాలన్నిట్లకు మూలం ఇదే అని నా లెక్క.

మరి మనం తీసుకున్న నిర్ణయం ఒక్కటన్న లేదా? ఉన్నది. అది తీసుకున్నది మన ఆడోళ్లు.

1983ల కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదోని కడుపు నిండింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడ. కని దాంతోనే జొన్న రొట్టె చిన్నచూపు అయ్యింది. జొన్న ఎవ్వరు తినకపోతే ఎర్రచెల్క ఎందుకు దున్నాలె? మస్తు భూములు పడావు పడ్డయి. అదే 1983ల పస్తాపూర్ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. పి.వి. సతీష్ గారు దాన్ని చివరిదాకా నడిపిండ్రు, 2023 మార్చిల కాలం చేసిండ్రు. ఊరూరా సంఘాలు కట్టింది మాత్రం దళిత, బీద ఇండ్ల ఆడోళ్లు. 1990ల నడుమ వాళ్లు ఒక పని చేసిండ్రు. సంఘం అప్పుతోని పడావు భూములు దున్నిచ్చి, అప్పు పైసల కింద జొన్నలే కొలిపించుకొని, ఊర్లనే పాతరేసి, కరువు నెలల్ల బీదోళ్లకు అగ్గువకు ఇచ్చిండ్రు. ఎవ్వరు బీదోళ్లో ఊరే కూసొని తేల్చింది. రేషన్ దుకాణం ఢిల్లీకెళ్లి రాకుంట చెల్కల్నే పుట్టింది.

2008 అక్టోబర్ 15న మాచనూర్ల సంఘం రేడియో మొదలైంది. మన దేశంల ఊరి ఆడోళ్లు నడిపే మొదటి రేడియో అది. సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతర మీరు చూసిందే. ఎడ్లబండ్ల మీద కొర్ర, సామ, తైద, జొన్న, కంది విత్తనాలు పెట్టుకొని ఊరూరు తిరుగుతరు. మనలో చానామంది మొగోళ్లం అప్పుడు నవ్వినం, నేను కూడా నవ్విన. 2019ల ఐక్యరాజ్యసమితి దిక్కుకెళ్లి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2023ను ప్రపంచమే చిరుధాన్యాల సంవత్సరం అన్నది. ఇప్పుడు పట్నం దుకాణంల కొర్రలు ఏం రేటున్నయో మా కోడల్ని అడగుండ్రి.

నేను చెప్పేదేందంటే, ఇది చిన్న ఊర్లనే అయితది. ఒకరి చెల్క ఒకరికి ఎరుక, ఒకరి ఆకలి ఒకరికి ఎరుక ఉన్న కాడనే అట్ల కూసొని తేల్చుకోవచ్చు. మనకు ఉన్న అసలు లాభం ఇది. దాన్ని వాడుకుంటే ఉన్నట్టు, వాడకపోతే లేనట్టే.

ఇప్పుడు మన ముందటికి ఇంకో పెద్ద పని వచ్చింది. నిమ్జ్ అని అందరు విన్నదే. న్యాల్కల్, ఝరాసంగం మండలాల్ల 17 ఊర్లు, 12,635 ఎకరాలు. 2015ల జీవో 123 కింద భూములు కొనుడు మొదలైంది. భూమి ఉన్నోనికి రేటు కట్టిండ్రు, ఆ భూమి మీద కూలి చేసి బతికేటోని పేరు ఏడా లేదు. మన దిక్కు కూలోళ్లు హైకోర్టుకు పోయిండ్రు. 2016 ఆగస్టుల కోర్టు ఆ జీవోను కొట్టేసింది. కేసు మల్ల పై బెంచికి పోయింది గని, కూలోళ్లకు కూడా సాయం ఇస్తమని సర్కారు వేరే జీవోలు తేవాల్సి వచ్చింది. గుంట భూమి లేనోళ్లు కూడా కూడబలుక్కుంటే సర్కారు వాళ్ల మాట వినాల్సొచ్చింది. ఈ సంగతి మర్చిపోవద్దు.

2022ల యెల్గోయి కాడ రక్షణ సామాన్ల కంపెనీకి శంకుస్థాపన అయ్యింది. 2024 ఆగస్టు 28న కేంద్రం దేశంల 12 పారిశ్రామిక నగరాలకు ఒప్పుకున్నది, అందుల జహీరాబాద్ ఒకటి. మొదటి విడత 3,245 ఎకరాలు, 2,361 కోట్ల రూపాయలు. అంటే కొడుకు పట్నం పోదామనే టైముకు పట్నమే మన కాడికి నడిచొస్తున్నది. నౌకర్లు వస్తే నాకు సంతోషమే, నా కొడుకుకే ఇంటి పక్కన పని దొరకొచ్చు. కని ఆ నౌకర్లు మన పిల్లలకు దొరుకుతయా, ఏ చదువు చదివిస్తె దొరుకుతయి, ఫ్యాక్టరీ నీళ్లు ఏ వాగుల వదులుతరు, ఇవి అడగాల్సింది మనం. నారింజ వాగు కరాబైతే దాన్ని కడిగేటోడు లేడు.

బ్రోకర్లు రోజు వస్తున్నరు. మా చెల్క గట్టు మీద ఒకాయన ఒక రేటు చెప్పిండు, నా జన్మల విననంత. ఆ రాత్రి నిద్ర పట్టలే, అబద్ధం ఎందుకు.

మీకు నేను చెప్పేది రెండే. ఒకటి, అమ్మాలనుకున్నా ఒక్కనివి అమ్మకు. గ్రామసభల, లేకుంటే ఊరి చింతచెట్టు కిందనన్న నలుగురు కూసొని, ఎవ్వరికి ఏం రేటు చెప్తున్నరో ఒక్క కాయిదం మీద రాసుకోండ్రి. ఒకరికి ఒక రేటు, ఇంకొకరికి ఇంకో రేటు చెప్పుడు మనం మాట్లాడుకోకపోతేనే నడుస్తది. రెండు, పట్టా, అసైన్డ్, కూలి, కౌలు, ఎవ్వరి లెక్క వాళ్లది ముందే తేల్చుకోండ్రి. మీ చెల్కల కలుపు తీసే ఆమె పేరు కూడా ఆ కాయిదం మీద ఉండాలె.

మా పెద్దోనికి నా జవాబు ఇది. కొడుకా, ఈ యాసంగి ఆలుగడ్డ పైసలు, అల్లం పైసలు నీకే ఇస్త, ఫ్లాటుకు అడ్వాన్సు కట్టుకో. పిల్లగాని చదువుకు, దవాఖానకు పట్నంల ఉండు, నేను కాదన. మీ తాత పోయిన రాత్రిని నేను మర్చిపోలే. కని భూమి నేనుండంగ అమ్మ. నువ్వు పట్నంల నిలబడ్డా, పడ్డా, అప్పు అడగకుంట అన్నం పెట్టేది ఇది ఒక్కటే. ఈ ఎండాకాలం నెల రోజులు సెలవు పెట్టి రా. ఊరోళ్లు కూసున్న కాడ నా పక్కన కూసో. అప్పుడు చెప్పు, జహీరాబాద్‌ల ఏమున్నదో.